బీచ్‌కి రమ్మనే మెసేజ్‌లో పోటు వేళ కూడా ఉండాలి

ఇంగ్లండ్‌లో చదువుకునే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో మే నెల చివరికి ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది. పరీక్షలు అయిపోతున్నాయి, శనివారం అందరం బీచ్‌కి వెళ్దాం, వచ్చేవాళ్ళు పేర్లు రాయండి అని. దాని కింద ట్రైన్ టైము ఉంటుంది, తలకి ఎంత పడుతుందో ఉంటుంది, పులిహోర ఎవరు కలుపుకొస్తారో, స్పీకర్ ఎవరు తెస్తారో ఉంటుంది. ఆ రోజు సముద్రం ఒడ్డు మీదికి పెరిగే పోటు ఎన్నింటికో, వెనక్కి తీసే ఆటు ఎన్నింటికో మాత్రం ఉండదు. ఆ ఒక్క లైను ఎందుకు ఉండాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను లండన్‌కి దగ్గర్లో మాస్టర్స్ చేశాను. తర్వాత ఉద్యోగం కూడా అక్కడే దొరకడంతో జూనియర్లని ఇలాంటి ట్రిప్పులకి తీసుకెళ్ళే పని నా మీద పడింది. ఇష్టంగానే చేశాను. కాబట్టి ఇది వెళ్ళొద్దని చెప్పే వ్యాసం కాదు. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. వెళ్ళకుండా ఉండటానికి మనవాళ్ళు చెప్పుకునే కారణాలు నాకు తెలుసు కాబట్టి ముందు వాటి గురించే మాట్లాడతాను.

మొదటి కారణం డబ్బు. లోను తీసుకుని వచ్చినవాళ్ళకి శనివారం అంటే షిఫ్టు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. చాలామందికి ఆ గంటలు కుదిరేది శని, ఆదివారాల్లోనే. ఆ జీతం వదులుకుని, పైన ట్రైనుకి డబ్బులు పెట్టి, నీళ్ళు చూసి రావడం ఏంటి అనిపిస్తుంది. "కోర్సు అయ్యాక తీరిగ్గా తిరుగుదాంలే అక్కా" అని ఎంతమంది అన్నారో. కానీ అక్కడి మాస్టర్స్ సాధారణంగా ఒక్క ఏడాదే. సెప్టెంబర్‌లో దిగుతాం. మే దాకా క్లాసులు, అసైన్‌మెంట్లు, పరీక్షలు. ఎండ కాసే నెలలన్నీ డిసర్టేషన్‌కి పోతాయి. అది సబ్మిట్ చేసేసరికి ఉద్యోగం వెతుకులాట, వీసా గడువు టెన్షన్. "కోర్సు అయ్యాక" అనుకున్న ఆ తీరిక రోజు నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ రాలేదు. ఖర్చు తగ్గించుకునే దారులు కూడా ఉన్నాయి. 16-25 రైల్‌కార్డు ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. వయసు 25 దాటినా ఫుల్‌టైమ్ చదువుతుంటే ఆ కార్డు ఇస్తారు. ముగ్గురికి తక్కువ కాకుండా, తొమ్మిది మందికి మించకుండా కలిసి వెళ్తే కార్డు లేకపోయినా చాలా రూట్లలో రద్దీ లేని వేళల్లో అంతే తగ్గింపు దొరుకుతుంది. లండన్ నుంచి దక్షిణ తీరంలోని బ్రైటన్‌కి గంట ప్రయాణం.

రెండో కారణం, "సముద్రం చూడనివాళ్ళమా ఏంటి" అనేది. చూడనివాళ్ళు చాలామందే ఉన్నారు. తెలంగాణకి సముద్రం లేదు. రాయలసీమలో కూడా తీరానికి దూరంగా పెరిగినవాళ్ళు ఎక్కువ. పుట్టిన ఇరవై మూడేళ్ళకి మొదటిసారి సముద్రం చూడటం, అదీ ఇంగ్లిష్ ఛానల్ ఒడ్డున చూడటం, నేను తీసుకెళ్ళిన ఒకమ్మాయి విషయంలో కళ్ళారా చూశాను. ఆ అమ్మాయి ఫొటోలు తీసుకోలేదు. అల వెనక్కి పోతున్నప్పుడు గులకరాళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ చేసే చప్పుడు వింటూ చాలాసేపు నిలబడిపోయింది. ఏడాదంతా ఒకే వంటింట్లో గిన్నెలు ఎవరు కడగాలనే తప్ప ఇంకే మాటా మాట్లాడుకోని ఇద్దరు కుర్రాళ్ళు ఆ రోజు రాళ్ళ మీద కూర్చుని వాళ్ళ నాన్నల గురించి చెప్పుకున్నారు. ఒక షిఫ్టు జీతం కంటే ఆ రోజు వాళ్ళకి ఎక్కువ ఇచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక అసలు విషయం.

మన ఇళ్ళల్లో సముద్రం అంటే ఒడ్డున నిలబడి కాళ్ళు తడుపుకునేది. మనం రెండడుగులు ముందుకు వేస్తే వెనక నుంచి అమ్మో, పెద్దమ్మో, మావయ్యో "ఇక చాలు, వెనక్కి రా" అని కేకేస్తారు. మన తీరం కూడా ప్రమాదకరమైనదే, ఏటా ప్రాణాలు తీస్తూనే ఉంది. కానీ మనకి దాని సంగతి తెలియకపోయినా, తెలిసిన ఒక గొంతు వెనక ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఆ గొంతు ఉండదు. ఉన్నవాళ్ళంతా ఒకే ఈడు, అందరూ ఆ ఒడ్డుకి కొత్త. ఇంట్లో చెబితే కంగారు పడతారని చాలామంది చెప్పకుండానే బయల్దేరతారు. ఈతరాని వాళ్ళు "నేను మోకాళ్ళ లోతు దాకానే" అని తమకి తాము ఒక హద్దు గీసుకుంటారు. ఆ హద్దు మన ఇసుక తీరంలో కొంతవరకు నడుస్తుందేమో గానీ బ్రైటన్‌లో నడవదు.

బ్రైటన్ బీచ్‌లో ఇసుక కాదు, గుండ్రటి గులకరాళ్ళు ఉంటాయి. రాళ్ళ తీరం ఏటవాలుగా దిగుతుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు మోకాళ్ళ లోతుకీ మనిషి మునిగే లోతుకీ మధ్య కొన్ని అడుగులే. అల విరిగి వెనక్కి లాగేటప్పుడు కాళ్ళ కింది రాళ్ళు కూడా దానితోపాటే జారతాయి. నిలబడ్డ చోటే నిలబడి ఉన్నామనుకుంటూనే కిందికి వెళ్ళిపోతాం. తడిసిన జీన్స్‌తో ఆ వాలు ఎక్కడం ఎంత కష్టమో ఒకసారి చేసినవాళ్ళకి తెలుస్తుంది.

దీనికి చలి తోడవుతుంది. మే నెలలో ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది. గాలి 24, 25 డిగ్రీలకి వచ్చిందంటే ఊరు ఊరంతా బీచ్‌లోనే ఉంటుంది. కానీ గాలి వేడెక్కినంత తొందరగా సముద్రం వేడెక్కదు. అప్పటికి అక్కడి నీళ్ళు 12, 13 డిగ్రీలే. ఆ నీళ్ళు కాస్త గోరువెచ్చనయ్యేది ఆగస్టు, సెప్టెంబర్‌లో, అప్పుడైనా పదిహేడో పద్దెనిమిదో. బంగాళాఖాతం నీళ్ళు ఏడాదిలో ఎక్కువ కాలం 27, 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. మన ఒంటికి అలవాటైన సముద్రం అదీ. 12 డిగ్రీల నీళ్ళలోకి ఒక్కసారిగా దిగితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని పెద్ద ఊపిరి లోపలికి పోతుంది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే పోయేది గాలి కాదు, నీళ్ళు. తర్వాత ఊపిరి మన మాట వినదు, గుండె దడదడలాడుతుంది, చేతులు కాళ్ళు కొట్టుకోవాలనిపిస్తుంది. బాగా ఈతొచ్చిన వాళ్ళకి కూడా ఇది జరుగుతుంది. ఇది ధైర్యానికీ పిరికితనానికీ సంబంధించింది కాదు, చర్మం చేసే పని.

దీని మీద పోర్ట్స్‌మత్ యూనివర్సిటీలో మైక్ టిప్టన్ అనే ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. అక్కడి లైఫ్‌బోట్ సంస్థ ఆర్ఎన్ఎల్ఐ చెప్పే సలహా చాలా చిన్నది: నీళ్ళలో ఇబ్బందిలో పడితే ముందు ఈదకండి, తేలండి. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్ళలో మునగనిచ్చి, చేతులు కాళ్ళు మెల్లగా కదుపుతూ ఊపిరి కుదుటపడే దాకా ఆగండి. ఆ మొదటి ఉపద్రవం నిమిషం, నిమిషంన్నరలో తగ్గుతుంది. తగ్గాక కేకేయండి, చెయ్యెత్తండి, ఒడ్డుకి రావడం గురించి ఆలోచించండి. ఆర్ఎన్ఎల్ఐ 1824లో పుట్టిన సంస్థ. జనం ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. లైఫ్‌బోట్లలో వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది జీతం తీసుకోని ఊరివాళ్ళే. రెండు వందల ఏళ్ళుగా ఆ నీళ్ళలోంచి మనుషుల్ని తీస్తున్నవాళ్ళు "ముందు తేలండి" అంటుంటే ఆ మాట మన చెవిదాకా రాకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. పిల్లలు ట్రైన్లో ఖాళీగా కూర్చునే గంటలో రెండు నిమిషాల మాట అది.

పోటు సంగతి దీనికంటే పెద్దది. మన తీరంలో పోటుకీ ఆటుకీ మధ్య నీటి మట్టం తేడా మీటరు, మీటరున్నర. ఒడ్డున ఆడుకునేవాళ్ళు దాన్ని పట్టించుకోనక్కర్లేదు, అందుకే మనకి పోటు వేళ చూసే అలవాటు లేదు. బ్రైటన్‌లో పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆ తేడా ఆరు మీటర్ల దాకా ఉంటుంది. అంటే రెండంతస్తుల మేడ ఎత్తు నీళ్ళు రోజుకి రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోతాయి. ఇంగ్లండ్‌కీ వేల్స్‌కీ మధ్య ఉన్న బ్రిస్టల్ ఛానల్ లోపలి కొసలో అది 14 మీటర్ల దాకా వెళ్తుంది, ప్రపంచంలోనే అతి పెద్ద పోట్లలో అదొకటి. బ్రిస్టల్‌లోనూ కార్డిఫ్‌లోనూ చదివేవాళ్ళు వెళ్ళే వెస్టన్-సూపర్-మేర్‌లో ఆటు వేళ నీళ్ళు కంటికి ఆననంత దూరం పోతాయి. అంత దూరం నడిచి నీళ్ళని ముట్టుకుందామని సరదా పుడుతుంది. కానీ ఒడ్డుకి దగ్గర ఉన్నదే ఇసుక, ఆ తర్వాతదంతా కాలు దిగబడే బురద. కాలు ఇరుక్కున్నవాళ్ళ వైపు మళ్ళీ పోటు వస్తుంది.

పోటు ఒకే వేగంతో రాదు. ఆరు గంటల్లో పెరిగే నీటిలో మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో ఆరో వంతు, మూడో గంటలో పావు వంతు, నాలుగో గంటలో మరో పావు వంతు వస్తాయని పడవలవాళ్ళు లెక్క వేసుకుంటారు. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్ళు వచ్చేస్తాయి. ఆరు మీటర్ల పోటులో ఆ రెండు గంటల్లో మూడు మీటర్లు. "మెల్లగానే వస్తోంది, ఇంకాసేపు ఉందాం" అని మొదటి గంటలో అనుకున్నవాళ్ళకి మూడో గంటలో టైము ఉండదు. పైగా చదునైన ఇసుక తీరాల్లో నీళ్ళు ముందు నుంచే రావు. ఇసుక దిబ్బల మధ్య పల్లాలు ఉంటాయి. ముందుగా అవి నిండుతాయి. మనం దిబ్బ మీద నిలబడి ఎదురుగా ఉన్న అలల్ని చూస్తుంటాం, వెనక ఒడ్డుకీ మనకీ మధ్య పల్లం లోతు పెరుగుతూ ఉంటుంది.

2016 ఆగస్టు 24న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో కాంబర్ శాండ్స్ అనే బీచ్‌లో ఐదుగురు యువకులు చనిపోయారు. స్నేహితులు, లండన్ నుంచి ఒక రోజు సరదాగా గడుపుదామని వచ్చినవాళ్ళు, శ్రీలంక తమిళ కుటుంబాల పిల్లలు. ఎండ కాస్తున్న రోజు, బీచ్ నిండా జనం. ఆ సమయానికి అక్కడ లైఫ్‌గార్డులు లేరు, తర్వాతే పెట్టారు. అది చదివినప్పుడల్లా నాకు మన గ్రూపుల ఫొటోలే గుర్తొస్తాయి. అదే వయసు, అదే హుషారు. ఇంకా ముందు, 2004 ఫిబ్రవరిలో, మోర్‌కాంబ్ బే అనే చోట రాత్రిపూట ఇసుకలో ఆల్చిప్పలు ఏరుతున్న చైనా కూలీలు కనీసం 21 మంది పోటులో చిక్కుకుని పోయారు. వాళ్ళు విహారానికి వచ్చినవాళ్ళు కాదు. అయినా కారణంలో పోలిక ఉంది: ఆ నీళ్ళు ఎలా వస్తాయో తెలిసినవాళ్ళు పక్కన లేరు.

ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్, డెవన్ వైపు వెళ్ళేవాళ్ళు ఇంకొకటి తెలుసుకోవాలి. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి, ఆ దారిలో ప్రవాహం వడిగా లోపలికి లాగుతుంది. చూడటానికి అక్కడ అలలు విరగవు, చుట్టుపక్కల కంటే ప్రశాంతంగా ఉంటుంది. అలలంటే భయపడేవాళ్ళు ఏరికోరి అక్కడే దిగుతారు. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోవడం తప్ప ఫలితం ఉండదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్ళాలి. ఇవన్నీ గుర్తుండకపోయినా జెండాలు గుర్తుంటే చాలావరకు సరిపోతుంది. పైన ఎరుపు కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్య లైఫ్‌గార్డులు కాపు కాస్తుంటారు, అక్కడే దిగాలి. నలుపు తెలుపు గళ్ళ జెండా సర్ఫ్ బోర్డుల వాళ్ళకి. ఒట్టి ఎరుపు ఉంటే దిగకూడదు.

కొండ అంచుల గురించి కూడా ఒక మాట. బ్రైటన్‌కి తూర్పున సముద్రం అంచునే ఉన్న సెవెన్ సిస్టర్స్ తెల్ల సుద్ద కొండలు ఫొటోల్లో ఎంత అందంగా ఉంటాయో నిజంగానూ అంత అందంగా ఉంటాయి. కానీ సుద్ద పెళుసు. పైన గడ్డి పచ్చగా, గట్టిగా కనిపించే అంచు కింద చాలాచోట్ల ఏమీ ఉండదు. 2017 జూన్‌లో ఒక దక్షిణ కొరియా విద్యార్థిని ఫొటో కోసం అంచు దగ్గర గాల్లోకి ఎగిరి, దిగడంలో పట్టు తప్పి పడిపోయింది. ఒక్కత్తీ వచ్చింది, ఫొటో తీయమని దారినపోయేవాళ్ళని అడిగింది. చదువుకోవడానికి దూరదేశం వచ్చిన అమ్మాయి.

ఇలాంటివి చెబుతుంటే నాతోపాటు ట్రిప్ ఏర్పాటు చేసిన ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. "ఇవన్నీ గ్రూపులో పెడితే భయపడి సగం మంది రారు, వచ్చినవాళ్ళు సరదాగా ఉండలేరు" అన్నాడు. న్యాయమైన అభ్యంతరమే. భయపెట్టి ఇంట్లో కూర్చోబెడితే నేను చెప్పేదానికి అర్థం లేదు. కానీ జరిగింది వేరు.

మేము వెళ్ళాల్సిన శనివారం పౌర్ణమికి దగ్గర్లో పడింది. బ్రైటన్‌లో పౌర్ణమి, అమావాస్యల దగ్గర నిండు పోటు సుమారుగా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో వస్తుంది, ఆటు సాయంత్రం ఆరు ప్రాంతంలో. పోటు వేళ మెసేజ్‌లో పెట్టేసరికి రోజు ప్లానే మారిపోయింది. దిగగానే బీచ్‌కి పరిగెత్తి మధ్యాహ్నానికి అలసిపోయే బదులు, ముందు ఊరు చూసి సాయంత్రం నీళ్ళ దగ్గరికి వెళ్దామని పిల్లలే తేల్చారు.

అలా దొరికిన మధ్యాహ్నంలో రాయల్ పెవిలియన్ చూశాం. మొగల్ గుమ్మటాల్లాంటి గుమ్మటాలతో ఇంగ్లండ్ రాజుకి జాన్ నాష్ అనే ఆర్కిటెక్ట్ తీర్చిదిద్దిన భవనం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 చివరి నుంచి 1916 మొదటి దాకా, ఫ్రాన్స్‌లో గాయపడిన భారతీయ సిపాయిలకి అది ఆసుపత్రి. హిందువులకీ ముస్లింలకీ నీళ్ళు వేరుగా, వంటశాలలు వేరుగా ఏర్పాటు చేశారు. చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిలు 53 మందిని ఊరి వెనక కొండల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో వాళ్ళ జ్ఞాపకంగా తెల్ల పాలరాతి ఛత్రి కట్టారు. గుమ్మటాల కింద పడుకుని వాళ్ళు ఊరికి ఉత్తరాలు రాయించుకుని ఉంటారని ఒక కుర్రాడు అన్నాడు. మిగతావాళ్ళు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ ఊరికి మన దేశంతో అంతకంటే పాత చుట్టరికం కూడా ఉంది. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన ఐర్లండ్ మీదుగా లండన్ చేరి, 1810లో అక్కడ హిందుస్తానీ వంటకాల కాఫీ హౌస్ పెట్టి నష్టపోయి, తర్వాత బ్రైటన్‌కి వచ్చి ఆవిరి స్నానాలు, ఒళ్ళు మర్దన చేసే స్నానశాల నడిపాడు. రాజులే ఆయన దగ్గరికి వచ్చారు. 1851లో ఆ ఊళ్ళోనే పోయాడు, సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. చేతిలో డబ్బు అయిపోయాక కొత్త ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టిన మనిషి కథ, లోను వాయిదాల లెక్కలు వేసుకునే పిల్లలకి నేను వేరే వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది.

సాయంత్రం బీచ్‌కి వెళ్ళేసరికి మధ్యాహ్నం అలలు కొట్టిన చోటికి చాలా కింద ఇసుక బయటపడింది. రాళ్ళు అయిపోయి ఇసుక మొదలయ్యే ఆ గీత దగ్గర అందరూ చెప్పులు వదిలేశారు. జెండాలు ఎక్కడున్నాయో ముందుగా చూసింది నేను కాదు, ట్రైన్లో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగిన కుర్రాడు. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటే దాకా పొద్దుంటుంది, తొందర లేదు. సముద్రం మొదటిసారి చూసిన ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "ఇందాకటి నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయక్కా?" అని అడిగింది. పళ్ళెంలో నీళ్ళు పోసి ఇటోసారి అటోసారి వంచితే ఎలా ఉంటుందో ఇంగ్లిష్ ఛానల్ సుమారుగా అలా ఊగుతుంది. తూర్పున డోవర్ దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు పడమట ప్లిమత్ దగ్గర తీసి ఉంటాయి, ఆరు గంటల తర్వాత తారుమారు. ఊపేవి చంద్రుడు, సూర్యుడు. అవి రెండూ ఒకే వరుసలోకి వచ్చే పౌర్ణమికీ అమావాస్యకీ ఊపు పెద్దది. ఇసుకలో వేలితో గీసి చూపించాను. "అయితే మా అమ్మమ్మకి ఫోన్ చేసి తిథి అడిగితే పోటు పెద్దదో చిన్నదో చెప్పేయొచ్చు" అంది. చెప్పొచ్చు మరి. సరైన గంట కోసం మాత్రం అక్కడి పోటు పట్టిక చూడాలి, ఫోన్లో క్షణంలో దొరుకుతుంది.

ఆ సాయంత్రం కొందరు చీలమండల దాకా, కొందరు జెండాల మధ్య నడుము దాకా దిగారు. ఎవరికీ సరదా తగ్గలేదు. అభ్యంతరం చెప్పిన మిత్రుడే తర్వాత కొత్త బ్యాచ్‌కి పంపిన మెసేజ్‌లో పోటు వేళని అందరికంటే ముందు రాశాడు. తెలిసినందువల్ల భయం పెరుగుతుందనే మాట నేను ఒప్పుకోను. ఏం చేయాలో తెలియనివాడికే నీళ్ళంటే గుడ్డి భయమో గుడ్డి ధైర్యమో ఉంటుంది. రెండూ ఒడ్డున పనికిరావు.

ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పను. స్నేహితుడు మునుగుతుంటే వెంట దూకకండి. మన పిల్లల మనసు ఎలాంటిదో నాకు తెలుసు, చూస్తూ నిలబడలేరు. కానీ నీళ్ళలో ఒకరి కోసం దిగి ఇద్దరు, ముగ్గురు పోయిన సంఘటనలు ఎన్నో. 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. ఆ లోపల "వెల్లకిలా తేలు, తేలు" అని కేకేయండి. చాలా బీచ్‌లలో ఒడ్డున లైఫ్ రింగులు వేలాడుతుంటాయి, అది విసరండి, లేకపోతే తేలే వస్తువు ఏదైనా విసరండి. అది కూడా కాపాడటమే. ప్రతి వేసవిలో మన పేపర్లలో ఏదో ఒక దేశం నుంచి అలాంటి వార్త వస్తుంది, ఫొటో కింద పేరు, ఊరు, చదువుతున్న కోర్సు. దేహాన్ని ఇంటికి చేర్చడానికి విరాళాల లింకు ఆ సాయంత్రానికే మన గ్రూపులన్నిటికీ చేరుతుంది. ఆ లింకు పంపినంత వేగంగా పోటు పట్టిక పంపుకోలేమా?

ఈ బాధ్యత పిల్లల మీదే వదిలేయడం కూడా సరికాదు. నేను చదివిన చోట కొత్త విద్యార్థులకి వారమంతా ఓరియంటేషన్ జరిగింది. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, డాక్టరు దగ్గర ఎలా నమోదు చేసుకోవాలి, మంటలు వస్తే ఏ మెట్ల మీదుగా దిగాలి, కాపీ కొడితే ఏం శిక్ష, అన్నీ చెప్పారు. అదే వారంలో బీచ్ ట్రిప్ పోస్టర్ కూడా అంటించారు. నీళ్ళ గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. సముద్రానికి దూరంగా పెరిగినవాళ్ళు, ఈత నేర్చుకునే అవకాశం లేనివాళ్ళు, ముఖ్యంగా మన అమ్మాయిలు, ఆ హాల్లో ఎంతమంది ఉంటారో యూనివర్సిటీ వాళ్ళకి తెలియదనుకోను. అంతంత ఫీజులు తీసుకునే చోట అరగంట క్లాసు, ఈతకొలనులో ఒకసారి తేలడం నేర్పించడం పెద్ద కోరిక కాదు.

అడిగితే వింటారు కూడా. అక్కడ స్టూడెంట్స్ యూనియన్ ఉంటుంది, చాలాచోట్ల విదేశీ విద్యార్థుల కోసమే ఎన్నికైన ప్రతినిధి ఉంటారు. ఓరియంటేషన్ కార్యక్రమం వేసవిలోనే ఖరారవుతుంది. సెప్టెంబర్‌లో అడిగితే "ఈసారికి కుదరదు" అంటారు కాబట్టి మే, జూన్‌లోనే ఈమెయిల్ పెట్టండి. ఒక్కరు రాసినదాని కంటే తెలుగు, తమిళ, నైజీరియన్, చైనీస్ సొసైటీలు కలిసి సంతకం చేసినదానికి జవాబు తొందరగా వస్తుంది.